మా మిట్టపల్లాల గోల్ఫు

మా తమ్ముడు బెంగళూరులో గోల్ఫు మైదానంలో గడ్డి కోసే పనికి చేరినప్పుడు వాడికింకా మీసాలు కూడా సరిగా రాలేదు. గడ్డిని తివాచీలాగా కత్తిరించడం, దాని మీద రోలరు తిప్పడం, బంతి పడే గుంతను ఒకచోట పూడ్చి ఇంకోచోట తియ్యడం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. పెళ్ళి మాత్రం మా పక్క ఊరి అమ్మాయిని చేసుకున్నాడు. ఆమె అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఆ పని వదిలి ఆమె బెంగళూరు పోలేదు, ఈ పని వదిలి వీడు రాలేడు. నెలకొకసారి చిలమత్తూరులో బస్సు దిగి ఇంటికి పోతే, వాడి కూతురు చుట్టాలకిచ్చే స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చి "కూర్చోండి" అనేది. మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం. వాడూ నవ్వేవాడు. కానీ ఆ గ్లాసు ఖాళీ చేయడానికి వాడికి చాలాసేపు పట్టేది.

నేనూ మా ఆయనా ఉండేది బెంగళూరు రోడ్డు పక్కన ఒక తోటలో. యజమాని ఇక్కడి పెద్ద రైతు కుటుంబం వాడు. మామిడి చెట్ల మధ్య నాలుగు గదులు కట్టించి, శని ఆదివారాలు పట్నం నుంచి వచ్చేవాళ్ళకు బస, భోజనం పెడుతున్నాడు. మా ఆయన బోరు, డ్రిప్పు పైపులు చూసుకుంటాడు. వంటిల్లు నాది. రాగిసంగటి, దానికి నంజుకోవడానికి వేరుశనగల ఊరుబిండి, పండగైతే ఒళిగలు, అంటే బొబ్బట్లు. పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు వినాయకస్వామి పటం దగ్గర రెండు గరికపోచలు పెట్టి, నిన్న జరిగిన మంచిని ఒక్కొక్కటీ తలుచుకుని దణ్ణం పెట్టుకోవడం నాకు అలవాటు. బోరులో నీళ్ళు రావడంతో మొదలుపెడితే ఈ సీమలో తలుచుకోవడానికి చాలానే ఉంటాయి.

ఒక ఆషాఢంలో మా తమ్ముడు తోటకు వచ్చినప్పుడు, భోజనాలకు కూర్చున్నవాళ్ళు సంగటి ఉడికేదాకా ఫోన్లు చూసుకుంటూ ఆవులించడం గమనించాడు. నేరుగా యజమాని దగ్గరికి పోయాడు.

"అన్నా, గోల్ఫులో బంతిని దూరంగా ఎగరగొట్టేది ఒకటి, కడాకు గుంత దగ్గర మెల్లగా దొర్లించేది ఒకటి. ఆ దొర్లించేదాన్ని పట్టింగ్ అంటారు. దానికి పెద్ద జాగా అక్కర్లేదు. మిట్టలూ పల్లాలూ చేసి, గడ్డి పెంచి, తొమ్మిది గుంతలు పెడితే చాలు. గోల్ఫంటే తెలియనోళ్ళు కూడా ఆడుకోవచ్చు."

"ఏమప్పా, మా జాగాలో ఉన్న దుడ్డు పెట్టి డ్రాగన్ ఫ్రూట్ వేద్దామని నేను అనుకుంటాంటే, నువ్వు గడ్డి వేస్తానంటావు?" అని యజమాని నవ్వాడు. మళ్ళీ తనే, "సరే. కార్తీకంలో మావోళ్ళంతా వనభోజనాలకు వస్తారు. ఆ పొద్దు వాళ్ళంతట వాళ్ళు ఆడితే ఆట ఉంటాది, నువ్వూ ఈడనే పనిలో ఉంటావు. నువ్వు బతిమాలి ఆడిచ్చినావంటే మాత్రం డ్రాగన్ ఫ్రూటే" అన్నాడు.

వాడు బెంగళూరుకు ఫోను చేసి, పైవాళ్ళను బతిమాలి, కార్తీకం దాకా జీతం లేని సెలవు పెట్టాడు. అంతకు మించి ఒక్కరోజు కూడా ఇవ్వలేమన్నారు.

మొదట వాడు ఎంచుకున్న చోటు గేటు పక్కన, రోడ్డుకు కనిపించేటట్టు. చదునైన నేల. ట్రాక్టరుతో ఎర్రమట్టి తోలించి, ఒంటె మూపురాల్లాంటి మిట్టలు పోయించాడు. ఇక గడ్డి. బెంగళూరు నుంచి నారు తెస్తాడేమో అనుకున్నాను.

"ఎందుకక్కా? ఆడ మేము పెంచేది కూడా గరిక జాతే. మన గరికే ఇంకా మొండిది."

నాకు నవ్వు ఆగలేదు. వేరుశనగ చేలో వంగి వంగి గరిక పీకడంతోనే మా అమ్మ నడుము వంగిపోయింది. ఆ గరికను గట్ల మీద నుంచి కోసుకొచ్చి, తీగను ముక్కలు చేసి, మేము ముగ్గురం వరినాట్లు వేసినట్టు నాటాము. స్వామికి పెట్టే చేత్తోనే నాటుతున్నాను కదా అని నాకు లోలోపల సంతోషంగా కూడా ఉండింది. శ్రావణం జల్లులకు అది బాగానే పట్టింది. మిట్టల మీద పచ్చని నూగు కనిపించసాగింది.

అప్పుడొక రోజు గుంతల్లో పెట్టడానికి ప్లాస్టిక్ పైపు ముక్కలు కోయించుకొని రావాలని నేనూ వాడూ హిందూపురం పోయాము. మా ఆయన పక్క ఊళ్ళో మోటారు రిపేరుకు పోయాడు. తోట అవతలి కొసలో కొత్త మొక్కలకు గుంతలు తవ్వడానికి మా ఊరి ఆడవాళ్ళు కూలికి వచ్చి ఉన్నారు. వాళ్ళ పెద్ద మాకు పెద్దమ్మ వరస. చేతిలో పార ఉంటే ఊరికే కూర్చోలేని మనిషి.

సాయంత్రం ఆటో దిగి గేటు తీశాము. మిట్టలు లేవు. నేల పెండ్లిపందిరి వేయడానికి చేసినట్టు చదునుగా, నున్నగా ఉంది. నీళ్ళు బయటికి పోకుండా చుట్టూ అందమైన గట్టు కూడా వేశారు. గరికంతా వేళ్ళతో సహా ఒక మూల కుప్పగా పడి ఉంది. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"మా పని పొద్దు వాలకముందే అయిపాయ. సరే, పోయే ముందర మీ జాగా కూడా చేసి పోదామని చేసినాము. ఏంది మే ఆ గరిక! చూస్తాంటే కడుపు తరుక్కపాయ. ఎవురు దున్నినారో ఏమో, మిట్టలు మిట్టలు వదిలేసినారు. వాన నీళ్ళు ఒక్క బొట్టు నిలబడతాదా అట్ల?"

మా తమ్ముడు పైపుముక్కల సంచి కింద పెట్టి, గట్టు మీద కూలబడ్డాడు.

"పెద్దమ్మా, అది గోల్ఫు" అన్నాను.

"గోల్ఫో గీల్ఫో, ముందర చేను చదునుగా ఉండాల కదా!"

ఆమెది తప్పు కాదు. ఈ నేల మీద పుట్టిన వాళ్ళెవరికైనా వాలు కనపడితే గట్టు వేయాలనీ, గరిక కనపడితే పీకాలనీ చేతులు దురదపెడతాయి. వాళ్ళు ఒక్క పైసా కూలి ఆశించకుండా, ప్రేమతో, మా మైదానాన్ని చేను చేసిపెట్టారు.

"నేను పోతాక్కా. సోమవారం బస్సుకు పోతా. ఇంక ఇది అయ్యేది కాదు" అన్నాడు వాడు.

విషయం తెలిశాక ఆడవాళ్ళందరూ నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. ఒక్క పెద్దమ్మ మాత్రం నడుం మీద చెయ్యేసుకుని వాడి ముందు నిలబడింది.

"ఏందిరా, ఆడపిల్ల మాదిరి మొగం చేసినావు? నీకు కావాల్సింది మిట్టలూ పల్లాలే కదా? ఆ వంటింటి వెనకాల బండ కింద జాగా చూసినావా? మా అత్త కాలం నుంచి దాన్ని చదును చేయలేక వదిలేసినారు. దేవుడు చేసినదాన్ని ఇడిచిపెట్టి, ట్రాక్టరుతో తోలిస్తావు!"

అందరం పోయి చూశాము. నేను రోజూ అంట్లు తోమిన నీళ్ళు పారబోసే వైపే అది. పెద్ద గుండుబండ, దాని కింద మెల్లగా అలలు అలలుగా దిగే ఎర్రనేల. రోజూ చూస్తున్నదాన్ని చూడలేకపోయినందుకు నాకు సిగ్గేసింది. మా తమ్ముడు జేబులోంచి బంతి తీసి, బండ మొదట్లో వదిలాడు. అది ఒక అల ఎక్కి, ఆగినట్టే ఆగి, పక్కకు తిరిగి, కింద పళ్ళెంలాంటి పల్లంలో చుట్టు తిరిగి నిలిచింది. వాడు ఇంకో బంతి వదిలాడు. తర్వాత ఇంకోటి. సోమవారం బస్సు మాట మళ్ళీ ఎత్తలేదు.

చోటు కూడా అదే సరైనదని ఆలోచించేకొద్దీ తెలిసింది. భోజనాల పందిరి నుంచి కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటితే బండ నీడ పడుతుంది. వానకు బండ మీద కారే నీళ్ళన్నీ అక్కడికే వస్తాయి, వాన లేనప్పుడు నా వంటింటి నీళ్ళు ఉండనే ఉన్నాయి.

గుంతలు ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాత్రం మా ఇద్దరికీ వాదన పడింది. వాడు గోల్ఫు పెద్దల దగ్గర పెరిగిన మనిషి. గుంతను మిట్ట నెత్తి మీద పెడతానంటాడు. కొంచెం గట్టిగా తగిలితే బంతి అవతలికి పోవాలి, మెల్లగా తగిలితే కాళ్ళ దగ్గరికి తిరిగి రావాలి.

"అట్లయితే ఒకసారి ఆడి ఇంటికి పోతారప్పా. పొరపాటున కొట్టినా పడేవి కొన్ని ఉండాల" అన్నాను.

"పొరపాటున పడితే ఆటెట్లయితాదక్కా?"

"నేను వంట నేర్చుకున్నదంతా పొరపాటునే. మొదటిసారి సంగటి ఒక్క ఉండ సరిగ్గా వచ్చిందనే కదా రెండోసారి పొయ్యి వెలిగించినాను."

నేను బడికి పోలేదు. మా నాయన వాకిట్లో ఇసుక పరిచి అక్షరాలు దిద్దించాడు. మొదట అన్నిటికంటే సులువైన అక్షరాలు దిద్దించి, అవి రాగానే "ఓహో" అని మెచ్చుకునేవాడు. ఆ మెప్పు కోసమే నేను మిగతావి నేర్చుకున్నాను. వాడికి ఆ సంగతి చెప్తే తల గోక్కుని ఒప్పుకున్నాడు. నేను ముగ్గుపిండితో ఒక్కొక్క ఆటకు హద్దు గీశాను. మొదటి మూడూ పళ్ళెంలాంటి పల్లాల్లో, బంతి తనంతట తానే గుంత వైపు జారేటట్టు పెట్టాము. తర్వాతివాటికి రెండు దారులు. చుట్టూ తిరిగిపోయే భయస్తుల దారి ఒకటి, మిట్ట మీదుగా పోయే ధైర్యవంతుల దారి ఒకటి. నెత్తి మీది గుంత వాడి ముచ్చట కోసం చివర్లో ఒక్కటి. బిందెతో నీళ్ళు పోసి, నీళ్ళు నిలిచే చోటికి జానెడు పైన గుంతలు తీశాము. లేకపోతే వాన వస్తే అవి బావులవుతాయి.

పీకిన గరికనే మళ్ళీ నాటాము. ఈసారి పెద్దమ్మా ఆడవాళ్ళూ నాటారు. "జన్మలో గరిక నాటుతామనుకోలేదు, పాపం చుట్టుకుంటాదేమో" అంటూ ఒకటే నవ్వులు. భాద్రపదంలో మంచి వాన ఒకటి పడింది. ఆ వానకు నేను ఎన్ని దణ్ణాలు పెట్టానో ఆ స్వామికే తెలుసు. దసరా నాటికి నేల కనపడలేదు. వాడు ఏటి ఇసుక జల్లి, రోలరు తిప్పి, కోసి, మళ్ళీ కోసి, దాన్ని దుప్పటి చేశాడు.

వనభోజనాల రోజు ఉసిరి చెట్టు కింద పూజ అయింది. చుట్టాలందరూ పందిరిలో చేరారు. మా తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పట్టింగ్ కర్రలు గోడకు ఆనించి, పిలవని పెళ్ళికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. పిలవకూడదని కదా షరతు! ఒకరిద్దరు వచ్చి చూసి, "బాగుండాది, ఫోటోకు బాగుంటాది" అని ఫోటో తీసుకుని పోయారు. యజమాని ఒక కుర్చీలో కూర్చుని, తలకాయ తిప్పకుండా అంతా గమనిస్తున్నాడు. నా చేతిలో గంటె ఆడడం లేదు. సంగటి అడుగంటుతున్న వాసన కూడా ఆలస్యంగా తెలిసింది.

అంతలో భోజనానికి పిలిచిన కూలి ఆడవాళ్ళు వచ్చారు. పెద్దమ్మ నేరుగా పోయి ఒక కర్ర తీసుకుంది.

"నేను నాటిన గరిక. నా మాట ఇనదా?"

బంతిని కసువు ఊడ్చినట్టు ఒక్క తోపు తోసింది. అది గుంత దాటి, పల్లం అంచు ఎక్కి, ఇష్టం లేనట్టు వెనక్కి జారి, టక్కున గుంతలో పడింది. పెద్దమ్మ తనే నమ్మలేక గుంతలో చెయ్యి పెట్టి చూసుకుంది. ఇంకా చూడాలా! ఆడవాళ్ళంతా కర్రలకు ఎగబడ్డారు. పందిరిలో నుంచి యజమాని అక్కగారు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వచ్చింది.

"ఏయ్, జరుగు! నీకు పడితే నాకు పడదా?"

"పడతాదిలేమ్మా, బంతిని అట్ల తిట్టద్దు, మెల్లగా తోయి!"

ఆ తర్వాత ఆకులు వేసి పిలిచినా ఎవరూ రాలేదు. నిజంగా గోల్ఫు ఆడే బెంగళూరు పెద్దమనిషి ఒకాయన చివరి మిట్ట దగ్గర వంగి, లేచి, చెమట తుడుచుకుని, మళ్ళీ వంగాడు. బంతి నాలుగుసార్లు ఆయన బూట్ల దగ్గరికే వచ్చింది. "ఏం సార్, ఇంటామె మాదిరి మిమ్మల్ని వదలలేక వస్తాంది!" అని ఎవరో అంటే ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు. మాడిన సంగటి గురించి ఆ రోజు ఒక్కరు కూడా మాట అనలేదు. దానికి కూడా దేవుడికి నా కృతజ్ఞతలు.

పొద్దు వాలాక యజమాని కుర్చీలోంచి లేచాడు. మా తమ్ముడిని పిలవలేదు. మా ఆయనను పిలిచి, "ఆ డ్రాగన్ మొక్కలాయన వస్తానన్యాడు. వద్దని చెప్పు" అని కారెక్కాడు.

మరుసటి వారం వాడు బెంగళూరు పోయి, తన పెట్టె తెచ్చుకున్నాడు. తెల్లారి వాడు బండ కింద గడ్డి కోస్తుంటే, వాళ్ళమ్మతో వచ్చిన కూతురు కాసేపు దూరంగా నిలబడి చూసింది.

"మళ్ళా ఎప్పుడు పోతావు?"

"యాడికీ పోను."

ఆ పిల్ల బడిసంచి భుజానికి సర్దుకుంది. "అయితే ఈ పొద్దు బడికి నువ్వే పిలుచుకొని పో" అంది.

వాడు మిషను ఆపి, చేతులు తుడుచుకుని, నా వైపు చూశాడు. "అక్కా, బడి ఇప్పుడు యాడుండాది?" అని గొంతు తగ్గించి అడిగాడు. నేను చెప్పేలోపలే ఆ పిల్ల వాడి వేలు పట్టుకుంది. గేటు దాటి రోడ్డు మీదికి పోయేదాకా దాని గొంతు మాకు వినిపిస్తూనే ఉంది.

"ఈ పక్క నడువు నాయనా! ఆ పక్క లారీలొస్తాయి, నీకు తెలీదు."