నిర్మలమ్మ తిమింగలాన్ని చూడబోయింది

మేళ్లచెరువు చర్చిల ఆదివారం పూట పిల్లలకు బైబిలు కథలు చెప్పేది నిర్మలమ్మ. నోవహు ఓడ చెప్పేది, దావీదు వడిసెల చెప్పేది. యోనా కథ మాత్రం దాటేసేది.

ఆమె పెనిమిటి డానియల్ సున్నపురాయి క్వారీల పనిచేస్తుండె. ఒకనాడు రాతిగోడ విరిగి మీద పడ్డది. మూడు రోజులు రాళ్లు తీసిన్రు, మూడు రోజులూ ఆమె గట్టుమీదనే నిలబడ్డది. తిమింగలమసొంటి పెద్ద చేప మింగితే దాని కడుపుల అన్నే రోజులున్న యోనా బతికి బయటపడ్డడు. డానియల్ బయటపడలే. అప్పటిసంది ఆమెకు కుదురు లేదు. ఊకె లేస్తది, వాకిట్లకు పోతది, మళ్లొస్తది. అన్నం గూడ నిలబడే తింటది.

బిడ్డ సుమన చెన్నైల నర్సు. ఒకసారి ఇంటికొచ్చి, తల్లి తిరుగుడు చూడలేక అడిగింది.

"అమ్మా, ఎటన్న పోయొద్దాం. ఏం చూస్తవు?"

"తిమింగలం" అన్నది నిర్మలమ్మ.

గట్ల ఇద్దరు శ్రీలంకల ట్రింకోమలీకి పోయిన్రు. తెల్లదొరలు ఓడలేసుకొచ్చి కొట్లాడుకున్న పాత రేవు అది. కోట గోడమీద సుమన ఒక్కొక్కటే చూపిస్తాంటే, నిర్మలమ్మ చూపు నీళ్లమీదనే ఉన్నది. "గది ఎప్పుడొస్తది?" అని రెండుసార్లు అడిగింది.

తెల్లారి పడవెక్కిన్రు. అలలకు కక్కుకున్నది, అయినా కూసోలే. కమ్మీ పట్టుకొని నిలబడ్డది. చానసేపు ఏం కనవడలే. వెనకకు మళ్లుదామని పడవాయన అంటాంటెనే నీళ్లు పొగలెక్క పైకి చిమ్మినయి. నల్లటి వీపు లేచింది, ఎంతకూ ఒడవలే. ఆఖరుకు తోక లేపి మునిగింది.

"మనిషిని మింగుతదా? అడుగు బిడ్డా."

సుమన అరవంల అడిగింది. పడవాయన నవ్వి చెప్పిందాన్ని సుమన తల్లికి చెప్పింది. "మింగలేదట అమ్మా. నోరే పెద్దది, గొంతు సన్నమట. చిన్న చిన్న రొయ్యలే తింటదట."

నిర్మలమ్మ తోక మునిగిన జాగ దిక్కు తిరిగింది. "మరి నేను గిన్నేండ్లు దానిమీద కోపం పెట్టుకున్ననే" అన్నది.

సుమన తల్లి చెయ్యి పట్టుకున్నది. బాపు పోయినంక ఇద్దరు కలిసి ఏడ్చింది అప్పుడే.

ఊరికొచ్చినంక వచ్చిన ఆదివారం యోనా కథ మొదలుపెట్టింది. అటిటు నడుసుకుంటనే చెప్పింది. చేప ఎంత పెద్దదని ఒక పిల్ల అడిగితే, అందర్ని బయటికి తోలుకపోయి తల చర్చి గోడకాడ ఉన్నదనుకోండ్రి, తోక ఎక్కడిదాకనో చూడుండ్రి అన్నది. తోక కోసం ఉరికిన పిల్లలు రోడ్డు దాకా పోయిన్రు. వచ్చే లారీని ఆపమని చెయ్యూపుకుంట ఆమె గూడ వాళ్ల ఎంట ఉరికింది.