భీమమ్మ గుప్పెట్లో ఉప్పు

తెలకపల్లి పక్కన రెండెకరాల పల్లి చేను, గట్టున ఒక ముసలి మామిడిచెట్టు, దాని తొర్రలో అడవి గూబల జంట. నీకేముందని అడిగితే మాసయ్య ఈ మూడూ కలిపే చెబుతాడు. ఊరంతా ఆ పిట్టంటే జడుస్తుంది. ఆయనకు మాత్రం పన్నెండేళ్ల చుట్టరికం. పగలంతా మానుకు అతుక్కుని కూర్చుంటే బెరడేదో గూబేదో తెలియదు. కాకులు కనిపెట్టి గోల చేస్తే తప్ప కదలదు. దీపాలు పెట్టే వేళకు మగది కూత వేస్తుంది, తొర్రలోంచి ఆడది బదులిస్తుంది.

కూత వినపడగానే చేను దగ్గరి కొట్టంలో భీమమ్మ గుప్పెడు ఉప్పు పొయ్యిలో వేసేది. గూబ కూస్తే చావు కబురని, ఉప్పు చిటపటలాడితే కీడు పోతుందని వాళ్లమ్మ నేర్పింది. "కూరల కన్నా నీ గూబలకే ఎక్కువ ఉప్పయితుంది" అని మొగుణ్ని దెప్పేది.

ఏటా ఎలుకల బొక్కల్లో పొగ పెట్టేవాడు మాసయ్య. ఈ యాసంగి పంటకు మోకాళ్లు వంగక మొరాయించాయి. అందరిలాగే రెండు రోజులు వట్టి నూకలు పెట్టి ఎలుకలను మచ్చిక చేసుకుని, మూడోనాడు మందు కలిపిన పొట్లాలు పెట్టాడు. ఏదో తెలివైన పని చేశాననుకున్నాడు. చచ్చే ఎలుకను తినేదెవరో ఆ తెలివికి తట్టలేదు.

మర్నాడు మగదాని కూత లేదు. ఆ మర్నాడూ లేదు. తొర్రలో పిల్లలున్నాయి. మాసయ్య తెల్లారకముందే చేనంతా వెతికి, చచ్చిన ఎలుకలను ఏరి గుంటలో పూడ్చాడు. మొరాయించిన మోకాళ్లు ఎలా వంగాయో ఆయనకే తెలియదు. అన్నీ దొరికాయో లేదోనని ఒకటే గుబులు.

ఆ పొద్దు గూకే వేళ ఉప్పు గుప్పెట్లో పట్టుకునే భీమమ్మ చెట్టు కిందికొచ్చింది.

"ఏందయ్యా, ఇంకా కూస్తలేదు?"

"నేనే మందు తినిపించిన గదనే."

"గట్లనకు. జర ఆగు."

అంతలో తొర్రలోంచి ఆడది కూసింది. ఇద్దరూ బదులు కోసం చెవులు రిక్కించారు. మళ్లీ కూసింది. మళ్లీ. బదులు రాలేదు.

"పొయ్యిల ఉప్పు ఎయ్యవా?" అన్నాడు మాసయ్య.

"చావు దాని ఇంట్లనే అయింది గదయ్యా" అంది భీమమ్మ.

పిల్లల ఆకలికి ఆడది బయటికొచ్చి, తిన్నగా పల్లి చేను మీదికే ఎగిరింది. మాసయ్య "వద్దు తల్లీ, ఆ దిక్కు పోకు!" అని చప్పట్లు కొడుతూ, అరుస్తూ పరుగెత్తాడు. పన్నెండేళ్లలో దాన్ని అదిలించడం అదే మొదలు. వెనకే ఉరికొచ్చిన భీమమ్మ గుప్పెట్లో ఉప్పంతా దాని మీదికి విసిరింది.