నేను కాపీ కొట్టిన ప్రోగ్రాం

రెండువేల నాలుగులో చింతామణి కాలేజీలో మాకు న్యూమరికల్ అనాలిసిస్ అని, లెక్కలు కంప్యూటర్‌తో చేయించే సబ్జెక్టు ఉండేది. సమీకరణానికి మూలం కనుక్కునే ప్రోగ్రాం నాకు రాలేదు. బాగేపల్లి నుంచి వచ్చే స్నేహితురాలిది అక్షరదోషంతో సహా కాపీ కొట్టాను.

"ఇది ఎవరు రాసిందమ్మా?" అని లెక్చరర్ ఇద్దర్నీ నిలబెట్టి అడిగారు.

"నేనే సార్," అన్నాను గబుక్కున.

స్నేహితురాలికి సున్నా వేశారు.

సాయంత్రం బస్టాండులో, "నువ్వే నిజం చెప్తావని నీ మొగమే చూస్తాంటినే," అంది.

వారానికి ధైర్యం తెచ్చుకుని లెక్చరర్ దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆమె మార్కులు ఆమెకొచ్చాయి. ఆ సంగతి చెబుదామని పక్కన కూర్చోబోతే, బ్యాగు తీసుకుని ముందు వరసలోకి వెళ్లిపోయింది. మళ్లీ నాతో మాట్లాడలేదు. చివరి పరీక్ష రోజు ఆమె బస్సు కదిలేదాకా కిటికీ కిందే నిలబడ్డాను. ఆమె తల తిప్పలేదు.