నన్ను షానన్‌కు ఇచ్చేసిన ఆంటీ

మొన్న ఆదివారం తువ్వాలు కోసం హాట్ ప్రెస్ తలుపు తీశాను. వేడినీళ్ళ ట్యాంకు ఉండే ఆ చిన్న అరలోంచి తోలు వాసన, దాంతో కలిసిపోయిన కొబ్బరినూనె వాసన గుప్పున కొట్టింది. పై వరసలో దుప్పట్ల వెనక నా పాత గ్లవ్ పడి ఉంది. ఆటకు వాడే తోలు గ్లవ్‌కు కొబ్బరినూనె రాయమని ఏ షాపువాడూ చెప్పడు. అనసూయ ఆంటీ చెప్పింది. "తలకు పట్టేది తోలుకు పట్టదా ఏంటే?" అనేది. ఆంటీ పోయి రెండేళ్ళు దాటింది. తువ్వాలు సంగతి మరిచిపోయి, ఆ తలుపు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆవిడది తెనాలి. ఐరిష్ నగరమైన కార్క్‌లో ఒక కంపెనీలో జీతాల విభాగం చూసేది. అంతకుముందు భర్త ఉద్యోగం వల్ల కొన్నేళ్ళు అమెరికాలో ఉండి, అక్కడ బేస్‌బాల్ పిచ్చి అంటించుకుంది. కార్క్ పక్కనున్న బాలింకాలిగ్‌లో ఇల్లు తీసుకున్నాక కూడా ఆ పిచ్చి ఊరుకోనివ్వలేదు. బేస్‌బాల్‌కు చెల్లెలి వరసయ్యే సాఫ్ట్‌బాల్‌లో, ఆడా మగా కలిసి ఆడే జట్టొకటి పెట్టింది. తనే మేనేజర్, శనివారాలు నది పక్క పార్కులో ఆట. అందరూ మన తెలుగువాళ్ళే, ఇద్దరు ముగ్గురు ఐరిష్‌వాళ్ళు తప్ప. మగవాళ్ళంతా క్రికెట్ బాపతు. ఈ ఆటలో బంతిని కొట్టగానే బ్యాటు అక్కడే పడేసి పరిగెత్తాలి. మావాళ్ళు బ్యాటుతో సహా పరిగెత్తేవాళ్ళు. ఆంటీ భర్త మూర్తి అంకులైతే పరుగులో తొలి మజిలీ అయిన మొదటి బేస్ దాకా బ్యాటు మోసుకెళ్ళి, దాన్ని నేలకు ఆనించి, రన్ అవుట్ తప్పించుకున్నట్టు అంపైర్ వంక దర్జాగా చూసేవాడు. "ఆ కర్రను వదలండి మహాప్రభో, ఎవరూ ఎత్తుకుపోరు!" అని ఆంటీ మైదానం అవతలి గట్టు నుంచి అరిచేది. నది పక్కన కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు కూడా ఆగి నవ్వేవాళ్ళు.

నాది ఆర్మూరు. మా నిజామాబాద్ వైపు బడుల్లో ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ బాగా ఆడతారు. నేను జిల్లా జట్టులో ఆడాను. చదువుకోసం కార్క్ వచ్చి, ఉద్యోగం దొరికాక, ఒక శనివారం భయం భయంగా ఆ పార్కుకు వెళ్ళాను. "ఎక్కడ ఆడేదానివే?" అంది ఆంటీ. "షార్ట్‌స్టాప్ ఆంటీ" అన్నాను. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడే చోటు అది. బంతులు ఎక్కువగా అటే వస్తాయి, జట్టులో చురుకైన మనిషినే అక్కడ పెడతారు. "అది మా మేఘన చోటు. ప్రస్తుతానికి రైట్ ఫీల్డ్‌లో నిలబడు" అంది. మేఘన ఆంటీ కూతురు. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ సమాధానం మాత్రం కార్క్ యాసలో వస్తుంది. మంచి ఆటగత్తె, కాదనను. రైట్ ఫీల్డ్ అంటే బంతి దారి తప్పితే తప్ప రాని మూల. ఆ సీజన్ అంతా, తర్వాతి సీజన్ సగం దాకా ఆ మూల నిలబడి బాతుల్ని చూశాను.

అయినా ఒక్క శనివారం మానలేదు. వారమంతా ఆఫీసులో ఇంగ్లిష్, ఇంట్లో మౌనం. ఆ పార్కులో మాత్రం సంధ్య అనే నా పేరును సరిగ్గా పిలిచేవాళ్ళుండేవారు. ఆట అయ్యాక ఆంటీ కారు డిక్కీ తెరిచి పులిహోర పెట్టేది. "ఈ పిల్ల చిక్కిపోతోంది, దీనికి ఇంకొంచెం వెయ్యండి" అనేది. ఆ ఒక్క మాట కోసం వానలో కూడా వెళ్ళేదాన్ని. ఆటలో చోటు లేకపోయినా ఆ మనుషుల్లో ఉంది కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం, నా చేతులు ఇలాగే మొద్దుబారిపోతాయేమోనని దిగులు వేసేది.

ఆ జూన్‌లో, బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న షానన్ ఊరి జట్టు షార్ట్‌స్టాప్‌కు మణికట్టు విరిగింది. అదే జట్టులో బలంగా కొట్టే డెక్లన్‌కు కార్క్‌లో ఉద్యోగం వచ్చింది. రెండు జట్లూ ఒప్పుకుంటే సీజన్ మధ్యలో ఒక మనిషికి బదులు ఒక మనిషిని మార్చుకోవచ్చు. ఆంటీకి ఒక పద్ధతి ఉండేది. కష్టమైన మాట ఏదైనా ఫోన్ గ్రూపులో పెట్టదు, ఇంకొకరితో చెప్పించదు. తనే ఇంటికొచ్చి చెబుతుంది. అలాగే ఆ గురువారం సాయంత్రం మా ఫ్లాట్‌కు వచ్చింది. వంటింట్లో, ఇక్కడ ప్రెస్‌లనే అల్మారాల తలుపులన్నీ తనే తీసి, టీ పొడి వెతికి, టీ పెట్టి, అప్పుడు కూర్చుంది.

"షానన్‌కు షార్ట్‌స్టాప్ కావాలంట. డెక్లన్ మనకొస్తాడు. నువ్వు వెళ్తావా?"

"నన్ను వద్దనుకున్నరా ఆంటీ?"

"నేనున్నంతకాలం నీకిక్కడ ఆ చోటు రాదే. వాళ్ళ దగ్గరైతే మొదటిరోజు నుంచీ నీదే. నువ్వు కాదంటే ఈ మాట ఈ వంటింట్లోనే ఆగిపోతుంది. శనివారం చెప్పు."

టీ తాగి, కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కూతురుందిగా, ఇక నేనెందుకు అనుకుంది, అంతే కదా? పులిహోర పెట్టిన చేత్తోనే బయటికి తోస్తోంది కదా? ఆ రెండు రోజులూ మనసులో ఆవిడతో తెగ పోట్లాడాను.

శనివారానికి విషయం పొక్కింది. దాచడం డెక్లన్ వల్ల అయ్యే పని కాదు. నేను వెళ్ళేసరికి కారు డిక్కీ చుట్టూ పెద్ద సభే జరుగుతోంది. మా అభిమానులంటే ఆటగాళ్ళే, వాళ్ళ ఇంటివాళ్ళే. ఒక్కొక్కరు ఒక్కో నిపుణుడు. కొంచెం అవతల కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న నన్ను ఎవరూ చూడలేదు.

"ఆలోచన దేనికండీ?" అంటున్నాడు రమణ. మా జట్టులో బంతి విసిరే పిచర్, నోటి దురుసు. "డెక్లన్ కొడితే బంతి నదిలో పడుద్ది. రైట్ ఫీల్డ్‌లో ఆ అమ్మాయి లేకపోతే ఎవరికి నష్టం? బాతులు బెంగపెట్టుకుంటాయి, అంతే."

"బాగుందయ్యా, మన పిల్లను ఎవరికో ఇచ్చేస్తామా?" అన్నాడు మూర్తి అంకుల్. "సిరీస్ మధ్యలో టీమును కదపకూడదు. క్రికెట్లో అయితే..."

"ఇది క్రికెట్ కాదని మీకెన్నిసార్లు చెప్పాలి అంకుల్! అయినా లోపలి సంగతి మీకు తెలీదా? మేఘన చోటుకు పోటీ లేకుండా చేసుకుంటున్నారు మేడమ్."

ఆ మాట అంటుండగానే ఆంటీ టీ ఫ్లాస్కు పట్టుకుని అతని వెనక నిలబడి ఉంది.

"ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో ఆ పిల్ల అక్కడే కూర్చుంది. కళ్ళు కనబడట్లేదా?" అంది.

అందరూ నా వైపు తిరిగారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. రమణ మాత్రం తగ్గలేదు. "సరే మేడమ్, మొహానే అడుగుతున్నా. ఇదంతా మేఘన కోసమే కదా?"

"అవును" అంది ఆంటీ.

ఫ్లాస్కును డిక్కీలో పెట్టింది.

"మేఘన బంతి వదిలేస్తే, అయ్యో చెయ్యి జారింది అనుకుంటా. సంధ్య పట్టుకుంటే, అదృష్టం బాగుంది అనుకుంటా. పోయిన నెల నన్ను నేను గమనించుకుని సిగ్గుపడ్డా. మార్చుకుందామని చూశా. నావల్ల కాలేదయ్యా, తల్లిని. నా కళ్ళు ఇటు సరిగ్గా పనిచెయ్యవు. అలాంటప్పుడు ఈ పిల్లను నా కిందే కట్టిపడెయ్యడం పాపం. సరిగ్గా చూసేవాళ్ళ దగ్గరికి పంపిస్తున్నా."

"మామ్, స్టాప్!" అంది మేఘన, మొహం కందిపోయి.

"మరి ఎవరెక్కడ ఆడాలో ఎంచే పని వేరే ఎవరికైనా ఇవ్వొచ్చుగా?" అన్నాడు రమణ, ఈసారి మెల్లగా.

"ఎవరికి, నీకా? నా మొహం చూసి మేఘనను పక్కన పెట్టగలవా నువ్వు? చెప్పు."

ఆంటీ నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు తల్లీ. నీ ఇష్టం." అంతమంది ముందు తన పక్షపాతాన్ని అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు. ఆఫీసులో చూడలేదు, ఇంట్లోనూ చూడలేదు. రెండు రోజులుగా నాలో రగిలిన కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. "పోత ఆంటీ" అన్నాను.

షానన్ బస్సులో నిద్ర పట్టేది కాదు, అంత ఆత్రం. మొదటి మ్యాచ్‌లో మొదటి బంతి నా కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఇక అయిపోయింది, మళ్ళీ మూలకే అనుకున్నాను. అక్కడి మేనేజర్ ఊనా నెమ్మదస్తురాలు. "యు'ర్ గ్రాండ్, ఏం ఫరవాలేదు, తర్వాతిది చూడు" అని ఊరుకుంది. నన్ను కదపలేదు. తర్వాతివి పట్టాను. పట్టుకుంటూ పోయాను. ఆర్మూరు గ్రౌండులో మా సార్ నేర్పిన అడుగులన్నీ కాళ్ళు మరిచిపోలేదని తెలిసింది.

సీజన్ చివర్లో బాలింకాలిగ్ జట్టు మా మైదానానికి వచ్చింది. పక్కనే విమానాశ్రయం, తలల మీదుగా విమానాలు దిగుతున్నాయి. మేఘన బ్యాటింగ్‌కు వచ్చి నా ఎడమవైపు గట్టిగా కొట్టింది. ఒరిగి పట్టుకుని మొదటి బేస్‌కు విసిరాను. అవుట్. రమణ కూడా అటే కొట్టాడు. అవుట్. ఆ తర్వాత మూర్తి అంకుల్ బ్యాటు పట్టుకుని వస్తుంటే అవతలి గట్టు మీద ఆంటీ లేచి నిలబడింది.

"ఆ పిల్ల ఉన్నవైపు కొట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు! అటు కొడితే అవుటే! బస్సులో దారిపొడుగునా ఏం చెప్పాను?"

మైదానమంతా వినబడింది. "ఏమంటోంది ఆవిడ?" అని మా రెండో బేస్ అమ్మాయి అడిగింది. కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు, ఏం చెప్పను? "నన్ను పొగుడుతోంది" అన్నాను. ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం. డెక్లన్ నా తల మీదుగా, ఎవరికీ అందనంత దూరం కొట్టాడు. మార్పిడి ఇద్దరికీ కలిసొచ్చిందని అప్పుడు రమణ కూడా ఒప్పుకున్నాడు. వెళ్ళేముందు ఆంటీ నా భుజం నొక్కి చూసింది. "అంత గట్టిగా విసరాలా? నా కూతురే అది" అని నవ్వింది.

ఆ తర్వాత ఉద్యోగం కూడా షానన్‌లోనే చూసుకున్నాను. ఊనా మోకాళ్ళ నొప్పులతో తప్పుకుంటే, ఇప్పుడు ఆ జట్టు మేనేజర్‌ను నేనే. అందరి చోట్లూ నేనే నిర్ణయిస్తాను, ఒక్కరిది తప్ప. మా ఆయన కిరణ్ ఎక్కడ ఆడాలో, అసలు ఆడాలో వద్దో ఊనా చెబుతుంది. నా మొహం చూసి మొహమాటపడే రకం కాదామె. పోయిన శనివారం ఆమె అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఇంటికొచ్చేటప్పుడు కారులో ఒకటే సణుగుడు.

"మేనేజర్‌వి నువ్వే కదనే. ఒక్క మాట చెప్తే ఏం పోతది? నా ఆట ఎట్లుంటదో నీకు తెల్వదా?"

"తెల్వదు" అన్నాను. "నీ ఆట నాకు కనవడదు. నువ్వే కనవడ్తవ్."