శాసనానికి మిరపకాయల కాపలా

గోడ గడియారం టిక్కుమన్నా తలెత్తి కోపంగా చూసే పండితులు కూర్చునే చోటు అది. అలాంటి మ్యూజియం గ్రంథాలయంలో ఒక శనివారం మధ్యాహ్నం ఏడుగురు పెద్దమనుషుల చేత కన్నీళ్లు పెట్టించి, ఒక ప్రొఫెసరు గారి కళ్లజోడు బల్ల కిందికి ఎగరగొట్టించి, కిటికీలన్నీ తెరిపించి, అందరినీ వరండాలోకి తరిమిన ఘనుణ్ణి నేను. చేతిలో కర్ర లేదు, కత్తి లేదు. నోరు కూడా ఎత్తలేదు. చేసిందల్లా ఒక ఉపకారం. వినండి, నవ్వే చోట నవ్వండి. కాంట్రాక్టరు పేరెత్తిన చోట మాత్రం నవ్వకండి, వాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఊరికి సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. నాకు యాభైకి రెండేళ్లు తక్కువ. బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. ఆ తర్వాత చదువంతా నా సొంతం. ఒంగోలులో చిత్తుకాగితాల కింద అమ్మే పుస్తకాలు మోసుకొచ్చి చదివాను. పురుగుమందు డబ్బా వెనక చీమతలంత అక్షరాలను కూడా చివరిదాకా చదివే రైతు మా మండలంలో నేనొక్కణ్ణే. అలా దొరికిన ఒక పాత పుస్తకం వెనక పూర్వకాలపు తెలుగక్షరాల పట్టిక ఉంది. ఇంకేముంది, పండితుణ్ణయిపోయాను!

మా ఊరి రోడ్డు పక్కన, మస్తాన్ టీ బంకు ఎదురుగా, నడుమెత్తు రాయి ఒకటి ఉంది. దాని మీద అరిగిపోయిన అక్షరాలు. గేదెలు ఒళ్లు రుద్దుకుంటాయి, బస్సు కోసం వచ్చినవాళ్లు చుట్ట ఆర్పుతారు. నేను దాని మీద ముగ్గుపిండి రుద్ది, మూడు ఎండాకాలాలు ఎదురుగా గొంతుక్కూర్చుని, చివరికి తేల్చేశాను: అది మా వంశంలో ఒక మహావీరుడికి వేయించిన రాయి. గుర్రం సంగతి కూడా ఉందని చెప్పాను. కత్తి సంగతి రెండో ఏడు చేర్చాను.

ఇంతలో రోడ్డు వెడల్పు పని వచ్చింది. కాంట్రాక్టరు బంకు దగ్గర నిలబడి, రాయిని చెప్పుకాలితో తట్టి, "సోమవారం పొద్దున దీన్ని సమ్మెటతో కొట్టించి తూము కింద వేస్తాం" అన్నాడు.

"చీమకుర్తి నుంచి లారీల కొద్దీ రాళ్లు దింపుతున్నావుగా, ఈ ఒక్కటి లేకపోతే నీ తూము కూలిపోద్దా?" అన్నాను.

"అది రాయేగా పెద్దాయనా."

"శాసనం! మా వంశం వాడిది!"

"అయితే కాగితం చూపించు. గుండ్రటి ముద్ర ఉన్న కాగితం."

మా సర్పంచ్ రామకోటయ్య నాతోపాటు గోలీలాడినవాడు. "ఏరా సుబ్బయ్యా, మూడేళ్ల నుంచి గుర్రం, కత్తి అంటన్నావు. కాగితం తేరా, నేనే అడ్డం పడుకుంటా. తేకపోతే నోరు మూసుకో" అన్నాడు.

దారి చూపించింది మస్తానే. "మా నాయన కుర్రతనంలో ఎవరో ఇద్దరు వచ్చి, తడి కాగితం ఈ రాయికి అంటించి, బ్రష్షుతో దబదబ కొట్టి, సిరా అద్ది తీసుకెళ్లారంట సుబ్బయ్య మామా. బిందెలో నీళ్లు మా నాయనే అందించాడంట. ఆ కాగితం పట్నం మ్యూజియంలోనే ఉండాల."

రామకోటయ్య చేత పంచాయతీ కాగితం మీద 'ఇతను మా ఊరివాడే, ఇతని నడవడికి నాది పూచీ' అని రాయించుకున్నాను. పూచీ అన్న మాట రాసేటప్పుడు వాడి చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

శనివారం మొదటి బస్సుకు బయల్దేరాను. ఖాళీ చేతులతో ఒకరి గడప తొక్కడం మా ఇంటా వంటా లేదు. అందుకని గుడ్డ సంచి నిండా కల్లంలో ఎండిన మిరపకాయలు పట్టుకెళ్లాను.

గ్రంథాలయం మ్యూజియం వెనక ఉంది. తలుపు దగ్గర బల్ల వెనక విమల గారని ఒకావిడ, నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు.

"సంచి బయట అరలో పెట్టాలండి."

"బంగారమేం లేదమ్మా, మిరపకాయలే. మీ కోసమే."

"మిరపకాయలైతే మరీ బయట పెట్టాలండి. ఆ జేబులో పెన్ను కూడా ఇచ్చేయండి. లోపల పెన్సిలే."

నా పెన్ను లాక్కుంటారా! నాకు పౌరుషం వచ్చింది. సంచి అరలో పెట్టినట్టే పెట్టి, ఓ గుప్పెడు కాయలు రొంటిన దోపుకున్నాను. ఎందుకంటారా? పనయ్యాక ఆవిడ చేతిలో పెట్టి మర్యాద నిలుపుకుందామని. అంతకు మించి దురుద్దేశం లేదు. మా ఊరి రాయి మీద ఒట్టు.

విమల గారు నేనిచ్చిన పూచీ కాగితంలో మా ఊరి పేరు చూసి, గోడ పొడుగునా ఉన్న చిన్న చిన్న సొరుగుల్లో ఒకటి లాగారు. నిండా అట్టముక్కలు. పేక ముక్కల్లా వాటిని వేళ్లతో దొర్లించి, ఒక దగ్గర ఆగారు.

"ఉందండి మీ రాయి."

ఆ మూడు మాటలకు నేను బల్ల మీదికి వంగిపోయాను. చీటీ మీద నంబరు రాయించి, సంతకం పెట్టించి, లోపలికెళ్లి ఒక పెద్ద అట్టల మడతను పురిటి బిడ్డను తెచ్చినట్టు రెండు చేతుల మీద తెచ్చి నా ముందు విప్పారు.

ఇక్కడ కాసేపు నన్ను నవ్వించకండి. నల్లటి కాగితం, దాని మీద తెల్లగా అక్షరాలు. తొలకరి తడిసిన నల్లరేగడి చేలో కొంగలు వరసగా వాలినట్టున్నాయి. మూడేళ్లు ముగ్గుపిండి రుద్దినా నాకు కనిపించని అక్షరాలు ఒక్కొక్కటీ పత్తికాయ విచ్చుకున్నట్టు విచ్చుకున్నాయి. పొడుగాటి కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. పాత కాగితం వాసన, వానకు ముందు గడ్డివాము వాసనలా. చుట్టూ ఏడుగురు తలలు వంచుకుని చదువుతున్నారు. నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. ఎవడో ఉలితో చెక్కాడు, ఎవరో బ్రష్షుతో కొట్టారు, మస్తాన్ వాళ్ల నాయన బిందె ఎత్తి నీళ్లు పోశాడు. వాళ్లంతా నా భుజాల మీదుగా తొంగిచూస్తున్నట్టనిపించింది.

"గుర్రం ఎక్కడుందమ్మా?" అని అడిగాను, నోరు ఊరుకోక.

ఆవిడ ఒక పాత నివేదిక తెచ్చి, పేజీ తీసి, మెల్లగా చదివి చెప్పారు. "గుర్రం లేదండి. సూరమ అనే గొల్లావిడ ఈ బాటన పోయేవాళ్లకు ఎండాకాలం చలివేంద్రం పెట్టించిందట. నీళ్లు పోసే మనిషి తిండికి ఒక చేను రాసిచ్చిందట."

"వీరుడో?"

"వీరుడూ లేడు. కత్తీ లేదు."

మూడేళ్ల వంశప్రతిష్ఠ మూడు మాటల్లో కూలిపోయింది. కాసేపు ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. తర్వాత చిత్రంగా ఆ గొల్లావిడ మీద జాలి మొదలైంది. దారినపోయే ముక్కూమొహం తెలియనివాళ్లకు నీళ్లు పోయించిన మనిషి రాయిని దారి కోసమే పగలగొట్టడమా? మా వంశం వాడైతే పోనీ అనుకునేవాణ్ణేమో గానీ, సూరమను మాత్రం వదలకూడదనుకున్నాను.

"దీనికి నకలు కావాలమ్మా, ముద్రతో."

"ధ్రువపత్రం మీద సంతకం మా ఆఫీసరు గారిదండి. ఆయన సెలవులో ఉన్నారు, మంగళవారం వస్తారు."

"సోమవారం రాయి పగులుద్దమ్మా!" అని కాంట్రాక్టరు సంగతంతా చెప్పాను.

ఆవిడ ముఖం వాడిపోయింది. "నాకు అధికారం లేదండి" అని, ఇంకేమైనా ఆధారం దొరుకుతుందేమో చూస్తానని లోపలి గదిలోకి వెళ్లారు.

నేను పెన్సిలుతో అక్షరాలు దించుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు కనిపించాయి, కాగితం అంచున చిల్లులు. పురుగు! సూరమను బయట సమ్మెట, లోపల పురుగు, రెండు వైపులా తింటున్నాయి. నా రక్తం ఉడికిపోయింది. ఇంత పెద్ద చదువులు చదివారే, పప్పుల కుండలో రెండు ఎండుమిరపకాయలు వేస్తే పురుగు పట్టదని మా ఇంట్లో కోడళ్లకు కాపరానికొచ్చిన రోజే తెలుసు, వీళ్లకు తెలియదా?

రొంటిలో చెయ్యి పెట్టాను. తొమ్మిది కాయలున్నాయి. తొడిమలు గిల్లేశాను, ఘాటు బాగా అంటాలని ఒక్కోదాన్ని మధ్యకు విరిచాను, కాగితానికీ అట్టకూ నడుమ వరసగా, నారు నాటినట్టు పేర్చాను. మడత మూసి, బాగా అణగాలని పక్కనున్న నిఘంటువు ఎత్తి పైన పెట్టాను. చాలలేదనిపించి మోచేతులతో నా బరువు కూడా వేశాను. లోపల కరకరమని వినిపించింది. ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను.

విమల గారు వచ్చారు. "గాలి ఆడటం లేదేంటి" అని ఫ్యాను పెంచారు. నిఘంటువు తీశారు. మడత విప్పారు.

ఎర్రటి పొగలాంటిది లేచింది. పక్క బల్ల ప్రొఫెసరు గారు మొదటి తుమ్ము తుమ్మారు. కళ్లజోడు ఎగిరింది. దాన్ని వెతకడానికి వంగినాయన బల్ల కింద రెండోది తుమ్మాడు, బల్ల లేచి పడింది. ఆ తర్వాత లెక్క అందలేదు. పెళ్లిలో బాజాలు అందుకున్నట్టు మూలమూలల నుంచీ అందుకున్నారు. "ఎవర్రా... హాచ్... ఎవరు... హాచ్!" "కిటికీ... హాచ్... తియ్యండి!" దగ్గులు, కన్నీళ్లు, కుర్చీలు పడ్డ చప్పుళ్లు. అందరూ వరండాలోకి పరుగెత్తారు. నేనూ మర్యాదగా వాళ్లతో నడిచాను.

విమల గారు పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎర్రబడ్డ కళ్లతో ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు.

"సుబ్బయ్య గారూ, అందరూ తుమ్ముతున్నారు. మీకెందుకు రావడం లేదండి?"

కల్లంలో పుట్టి, కోతల్లో పాకి, మిరప బస్తాల మీద నిద్రపోయి పెరిగిన ముక్కు ఇది. తుమ్మమంటే ఎలా తుమ్ముతుంది? ఉత్తుత్తి తుమ్ము ఒకటి ప్రయత్నించాను. అది ఆవులింతలా వచ్చింది.

"పురుగు పట్టకుండానమ్మా..." అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లారు. మెత్తటి బ్రష్షుతో అరగంట సేపు కాగితాన్ని తుడిచారు. మరక పడలేదు, సూరమ పుణ్యం. తర్వాత టైపు మిషను ముందు కూర్చున్నారు. ప్రొఫెసరు గారు పక్కన నిలబడి, "రాయండి, గట్టిగా రాయండి" అంటున్నారు. టకటకలు ఆగకుండా చాలాసేపు సాగాయి. ఇంత పెద్ద నేరమా అని నాకు చెమటలు పట్టాయి. చివర గుండ్రటి ముద్ర కొట్టి, కవరు అంటించి నా చేతికిచ్చారు.

"మీకు పూచీ ఉన్న సర్పంచ్ గారికి ఇవ్వండి. ధ్రువపత్రం ఇచ్చే అధికారం నాకు లేదు. ఫిర్యాదు చేసే అధికారం ఉంది. తప్పకుండా ఇవ్వండి, విన్నారా?"

బస్సు వాగు వంతెన దాటేటప్పుడు ఆ కవరును కిటికీలోంచి విసిరేద్దామని రెండుసార్లు చెయ్యి బయట పెట్టాను. రెండోసారి కండక్టరు తిట్టాడు. ఆ తిట్టే నన్ను కాపాడింది.

సోమవారం పొద్దున ఊరంతా బంకు దగ్గరే ఉంది. సమ్మెట రాయికి ఆనించి ఉంది. నేను పెన్సిలు రాత విప్పి చూపించాను.

"ముద్రేదీ?" అన్నాడు కాంట్రాక్టరు.

"కాగితం తెస్తానన్నావుగదరా, గుర్రం ఏదిరా?" అన్నాడు రామకోటయ్య. జనం గొల్లుమన్నారు. కూలీ సమ్మెట ఎత్తాడు.

ముద్ర ఉన్న కాగితం లోకం మొత్తంలో నా దగ్గర ఒక్కటే ఉంది. అది నా పరువు తీసే కాగితం. సమ్మెట వైపు చూశాను, రాయి వైపు చూశాను. "ఆగరా!" అని అరిచి, రొంటిలోంచి కవరు తీసి రామకోటయ్య చేతిలో పెట్టి కళ్లు మూసుకున్నాను.

వాడు కవరు చించి, ఊరంతా వినేలా చదివాడు. "మీ గ్రామ రహదారి పక్కనున్న శిలాశాసనం తాలూకు సిరా అచ్చు మా సంగ్రహంలో ఉన్నది. సదరు శాసనం అతి పురాతనమైనది..." నేను ఒక కన్ను తెరిచాను. సూరమ వచ్చింది, చలివేంద్రం వచ్చింది, చేను వచ్చింది. "సదరు శిలను కదిలించదలచినా, పగలగొట్టదలచినా ముందుగా ఈ కార్యాలయానికి తెలియజేయవలెను." రెండో కన్ను కూడా తెరిచాను. మిరపకాయల సంగతి అట్టడుగున రెండే రెండు వరసల్లో ఉంది: నాకు ఆరు నెలలు ప్రవేశం లేదు, నా సంచి స్వాధీనం చేసుకున్నారు.

కాంట్రాక్టరు ముద్రను వేలితో తడిమి చూశాడు. ఒకటికి రెండుసార్లు చూశాడు. సమ్మెట మోయించుకుని వెళ్లిపోయాడు. రోడ్డు ఇప్పటికీ మా ఊరి దగ్గర రెండు మూరలు వంకర తిరిగి పోతుంది.

"మిరపకాయలేందిరా సుబ్బయ్యా?" అన్నాడు రామకోటయ్య.

"అది మాత్రం చదవొద్దురా!" అన్నాను. వాడు దాన్నే రెండోసారి, ఇంకా గట్టిగా చదివాడు. ఆ ఎండాకాలం మస్తాన్ రాయి పక్కన నీళ్లకుండ పెట్టాడు. దాని మీద మూత నేనిచ్చిందే.

ఆరు నెలలు నిండిన మర్నాడే వెళ్లి, విమల గారి ముందు రెండు చేతులూ చాపి చూపించాను.

"సంచి?"

"లేదమ్మా."

"రొంటిలో?"

"పెన్సిలు ఒక్కటే."

ఆవిడ నవ్వును కళ్లజోడు వెనక దాచుకుని, "స్వాధీనం చేసుకున్న సరుకు మా ఇంట్లో కందిపప్పు డబ్బాలో వేశానండి. ఒక్క పురుగు లేదు" అన్నారు.

"చూశారామ్మా! మరి మీ కాగితాలకు కూడా..."

"సుబ్బయ్య గారూ!"

అందుచేత, దారినపోయే పాఠకులారా, సూరమ రాయి మీద చెయ్యి వేసి చెక్కిస్తున్న నా శాసనమిది. నేను గానీ, నా వంశంలో పుట్టబోయే మహావీరులు గానీ, సూర్యచంద్రులున్నంత కాలం ఏ గ్రంథాలయంలోనూ మిరపకాయ పెట్టము. ఈ మాట తప్పినవాడు ఏడుగురు పండితుల నడుమ కూర్చుని, పక్కవాడి మిరపకాయకు తానొక్కడే తుమ్ముగాక!