వాసన రాకుండ చేసిన చికెన్ సలాడ్

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నేను గూడ మంచాన పడ్డ. జరం తగ్గినంక గూడ నాలుగడుగులేస్తే కాళ్లు వణికేటివి. డాక్టర్ చూసి, "గుడ్లు, చికెన్ తినమ్మా, లేకుంటే తేరుకోవు" అన్నడు.

అప్పుడు సూరత్‌ల, ఖటోదరా కాడ మేడ మీద ఒక్క గదిల కిరాయికి ఉంటుంటిమి. మా ఆయన సాంచాల కార్ఖానల బట్ట నేసేటోడు. కింద ఉండే గుజరాతీ ఇంటామె మాంసం ముట్టదు. గదిచ్చేటప్పుడే వండొద్దన్నది, సరే అన్నం. తినాలనిపిస్తే ఆదివారం మా చిన్నమ్మ ఇంటికి పోయేటోళ్లం. కరోనాల ఎవలింటికి పోతం?

నాకు జరమున్నన్ని రోజులు ఆమె మమ్మల్ని కింద నల్లా ముట్టనియ్యలే. మా ఆయన పక్క గల్లీ నుంచి బిందెలతోని నీళ్లు మోసిండు. తిన్నరా, ఉన్నరా అని మెట్ల కాడికెల్లి ఒక్క మాట అడగలే.

ఒకరోజు మా ఆయన కూరగాయల కింద దాచి ఎముకల్లేని చికెన్ తెచ్చిండు. నూనెల ఏపితే వాసన గల్లీ దాక పోతది. అందుకని కిటికీ మూసి, పసుపు, ఉప్పేసి, మూత పెట్టి ఉడకబెట్టిన. చల్లారినంక చేతితోని పీకి, ఉల్లిగడ్డ, కీర, నాలుగు పచ్చిమిరపకాయలు సన్నగ కోసి కలిపిన. కారం చల్లి, పల్లీలు దంచేసి, నిమ్మకాయ పిండిన. పొయ్యి మీది పని తక్కువే. కానీ నా ఇంట్ల నేను దొంగలెక్క మూతలు పెట్టుకుంట వండుడు ఏందని కడుపు మండింది.

మొదటి ముద్దకే నాలుక భగ్గుమన్నది. జరమొచ్చిన కాడికెల్లి రుచి తెల్వని నోటికి అన్ని రోజులకు ఏదో తెలిసింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి.

అంతల మెట్ల మీదికెల్లి ఇంటామె పిలిచింది. "బెన్, ఏం వండినవ్? ఏందో వాసనొస్తుంది."

నేను నోరు తెరిచేలోపే మా ఆయన బయటికి పోయి, "ఏం లేదు మాసీ, ఆలుగడ్డ" అన్నడు.

నాకు ఆమె మీద కంటే ఆయన మీదనే ఎక్కువ కోపమొచ్చింది. గిన్నె పట్టుకొని తలుపు కాడ నిలబడ్డ.

"చికెన్ మాసీ. డాక్టర్ తినమన్నడు."

"ఇండ్ల ఇసుంటియి వండుతరు గనుకనే రోగాలొస్తున్నయి" అన్నది ముక్కు మూసుకొని.

"మాటిచ్చి తప్పిన, నిజమే. కానీ నేను సచ్చేటట్టున్ననాడు ఏం తిన్నవని అడగనోళ్లు, ఇయ్యాల ఎట్ల అడుగుతున్నరు?"

ఆమె నెల ఎల్లేలోపు ఖాళీ చెయ్యమని కిందికి దిగిపోయింది.

"జర ఊకుంటే ఏం పోయె?" అన్నడు మా ఆయన. నేను కూసొని గిన్నె ఖాళీ చేసిన.

పల్సానా దిక్కు మన తెలుగోళ్లుండే గల్లీల ఇల్లు దొరికింది. సామాను దించే రోజు, మేమింక మెట్ల మీద ఉండంగనే, ఆమె పైన గది కడిగిచ్చుడు మొదలుపెట్టింది. ఆ ఫినాయిల్ నీళ్లు మెట్లెంట జారి మా కాళ్ల మీదికెల్లి పోయినయి. మా ఆయన చూడనట్టే మూట ఎత్తుకొని నడిచిండు. నేను ఆగి, తల ఎత్తి ఆమెను చూసిన. ఆమె నీళ్లు పొయ్యమని పనామెకు ఇంకో బకెట్ అందించింది.