రెండు లీటర్ల క్యానులో ఎవరిది ఎంత

2022 సెప్టెంబరు, ప్రొద్దుటూరులో ఒక పిల్లల ఆసుపత్రి ల్యాబు. సోమవారం ఉదయం కౌంటరు దగ్గర ఉన్నవారు: జమ్మలమడుగు నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల శ్రావణి, ఆమె తండ్రి రామాంజులు, జేజి (నాయనమ్మ) ఓబులమ్మ, జేజినాయన (తాత) సుబ్బరాయుడు, ల్యాబ్ టెక్నీషియన్‌నైన నేను. ఉన్నది: రెండు లీటర్ల మూత్రపు క్యాను ఒకటి, అంచుదాకా నిండినది.

మూడు వారాల కింద శ్రావణి కాళ్ల మీద పుండ్లు లేచాయి. అవి మానాక ముఖం ఉబ్బింది, మూత్రం డికాషన్ రంగుకు మారింది. చర్మానికి సోకిన క్రిములతో శరీరం చేసే పోరాటంలో కొందరు పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. కొద్దిమందిలో మాత్రం అవి రోజుల్లోనే చెడిపోతాయి. ఎటు పోతోందో ముఖ్యంగా రెండు కొలతలు చెబుతాయి: రక్తంలోని క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు బయటికి పంపాల్సిన వ్యర్థం; రెండోది, రోజు మొత్తంలో వచ్చిన మూత్రం. మొదటిది పెరిగినా, రెండోది తగ్గినా ప్రమాదమే. శుక్రవారం శ్రావణి క్రియాటినిన్ 1.4, ఆ వయసుకు ఉండాల్సినదానికి రెట్టింపు. అందుకే 24 గంటల మూత్రం పట్టి తెమ్మని, ఏడు సూచనలు రాసిన కాగితంతో సహా క్యాను ఇచ్చింది నేనే.

కొలత ఫోనులో చెప్పగానే, పాపను చూస్తున్న డాక్టరమ్మ ఊపిరి పీల్చుకున్నారు. "రెండు లీటర్లా? అయితే కర్నూలు పెద్దాసుపత్రికి పంపే తొందర లేదు. రక్తం రేపు తీద్దాం."

ఫోను పెట్టాక చూశాను. రంగు లేత పసుపు. స్ట్రిప్ ముంచితే చక్కెర మూడు ప్లస్సులు.

"అమ్మా, ఇది పాపదేనా?"

"పాపది కాక ఊరోళ్లదా అప్పా?" అని ఓబులమ్మ కసిరింది.

"దీంట్లో షుగర్ ఉంది. పాపకు షుగర్ లేదు."

రామాంజులు తల్లి వైపు చూశాడు. ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"బిడ్డ గ్లాసుడు గూడా పొయ్యలేదప్పా," చివరికి ఓబులమ్మే అంది. "నువ్వేమో ఇంత క్యాను ఇస్తివి. ఇచ్చిన గిన్నె ఎవురన్నా ఖాళీగా తిరిగిస్తారా? నేను రవ్వంత కలిపినా."

"రవ్వంత అంటే?"

"రెండు తూర్లు."

"ఏందిమా ఇది!" అన్నాడు రామాంజులు.

"నువ్వేంది అరుస్తాండావు? నువ్వు పొయ్యలేదా తెల్లారి?"

"మిగతాదంతా జేజినాయనది," అంది శ్రావణి. "క్యాను ఎత్తుకొని బాత్‌రూములోకి పోయి గడి పెట్టుకున్యాడు."

సుబ్బరాయుడు దాచలేదు. "నాది శానా మంచిది సార్. అరవై ఎనిమిదేండ్లు. ఇంతవరకు ఒక్క మాత్ర మింగలే."

నా కాగితం తీసి చదివాను. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎక్కడ ఉంచాలి, మూత ఎలా బిగించాలి, అన్నీ ఉన్నాయి. ఇతరులది కలపకూడదని ఎక్కడా లేదు.

మళ్లీ ఫోను చేశాను. "మేడం, పాపది ఒక గ్లాసు కూడా లేదట. తక్కినది కుటుంబ సభ్యులది."

డాక్టరమ్మ వెంటనే మాట మార్చారు. "రక్తం ఇప్పుడే తియ్యి," అన్నారు.

క్రియాటినిన్ 3.1. కర్నూలుకు తీసుకెళ్లే అంబులెన్సు వచ్చేలోపు సుబ్బరాయుడి వేలు గుచ్చి చూశాను: చక్కెర 312.

"నీ మిషను తప్పు చెప్తాండాది," అన్నాడాయన.

"శానా మంచిది అంటివి గదా! ఇంగ మింగు మాత్రలు," అంది ఓబులమ్మ. అంటూనే మనవరాలి ఉబ్బిన పాదాలు ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది.

కర్నూలులో బయాప్సీ చేశారు, అంటే సూదితో మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి చూశారు. రక్తాన్ని వడపోసే సన్నని నాళాల గుత్తుల్లో సగానికి పైగా నెలవంక ఆకారంలో కణాలు పేరుకున్నాయి. ఆలస్యమైతే అవి మచ్చలుగా గట్టిపడి, మూత్రపిండం మళ్లీ కోలుకోదు. మూడు రోజులు నరంలోకి స్టెరాయిడ్లు ఇచ్చారు. రెండుసార్లు డయాలసిస్ చేశారు. రెండో వారంలో మూత్రం పెరిగింది. అందరు పిల్లలూ ఇలా కోలుకోరని, శ్రావణిని కూడా ఏళ్ల తరబడి పరీక్షించాలని అక్కడి డాక్టర్లు చెప్పి పంపారు.

కొలవడం ఒక్కటే నా పని అనుకునేవాణ్ని. ఇప్పుడు క్యాను ఇచ్చేటప్పుడే చెబుతున్నాను: తక్కువ వస్తే సిగ్గుపడొద్దు, మాకు కావలసిన కబురు అదే కావచ్చు.

ఆరు నెలల తర్వాత శ్రావణి రక్తం నేనే తీశాను. క్రియాటినిన్ 0.6.